నాలుగు వేళ్ళ ఎత్తు

నాకు బండి నడపడం వచ్చు గానీ ధైర్యం రాదు. మోత్కూరులో ఒక చిన్న బడికి పిల్లల వ్యాను నడిపిన రోజుల నుంచీ అంతే. ఎదురుగా ఇసుక లారీ కనబడితే చాలు, అరచేతులు తడిసి స్టీరింగు జారేది. భయం వేస్తే కొందరికి ఏడుపొస్తుంది, నాకు కోపమొస్తుంది. పక్కన ఎవరుంటే వాళ్ళ మీద విరుచుకుపడతాను. మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు గనక నోరు మెదపకుండా పడ్డాడు. మా నాయిన పడలేదు, అసలు పట్టించుకోనే లేదు. నా కోపం వెనక ఉన్నది భయమేనని ఆయనకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. మా వైపు చెల్కల్లో, అంటే మెట్ట పొలాల్లో, గడ్డి ఎండిపోగానే మంద దక్షిణానికి నడుస్తుంది. నల్లగొండ దాటి, దేవరకొండ దాటి, డిండి దాటి, అమ్రాబాద్ అడవి అంచు దాకా. లోపలికి పోము, అది పులుల అడవి, పోనివ్వరు కూడా. అంచున ఉన్న గుట్టల కింద మేపుకుని, సాయంత్రానికి ఎవరో ఒక రైతు పొలంలో మంద పెడతాం. గొర్రెల పెంట ఆయన పొలానికి, ఆయన ఇచ్చే గింజలు మాకు. తొలకరి పడిందంటే ఇంటిముఖం. మా నాయిన ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ దారిన నడిచాడు. పడుకున్నదంతా నేల మీద, గొంగడిలో.

అట్లాంటి మనిషికి దమ్ము పట్టుకుంది. మెట్టెక్కితే ఆయాసం, మంచులో పడుకుంటే తెల్లవార్లూ దగ్గు. దవాఖానలో పీల్చే మందు ఇచ్చి, నేల మీద పడుకోవద్దని గట్టిగా చెప్పి పంపారు. మందతో పోవద్దని నేను చెప్పాను.

"మందను ఇడిసి ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె? గోడలు జూడాల్నా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బడి మూతపడి, దాని పాత వ్యాను కొనేవాళ్ళు లేక మా వాకిట్లోకొచ్చింది. సీట్లన్నీ పీకించాం. వడ్లాయనను పిలిచి లోపల ఒక బల్ల కొట్టించి పరుపు వేశాం. బల్ల కింద బియ్యం, జొన్నపిండి, మందులు. వెనక తలుపు దగ్గర గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము. కిటికీలకు పాత చీరలు తెరలు. మంద నడిచి వచ్చేసరికి నేను బండిని ముందే తీసుకుపోయి వంట చేసి ఉంచాలని, రాత్రికి నాయిన అందులో పడుకోవాలని లెక్క. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. "బండిల ఇల్లు గట్టినవా, ఇంట్ల బండి వెట్టినవా?" అని ఒకామె అడిగింది. నాకు నవ్వు రాలేదు. నాయినకు ఊపిరి ఆడితే చాలనుకున్నాను.

మొదటి ఏడాదే తెలిసిపోయింది, బడి పిల్లల బండి తారు రోడ్డుకే గానీ మా బతుక్కి పనికిరాదని. చెల్కలోకి దిగాలంటే ఒడ్డు, అదే పొలం గట్టు, దాటాలి. ముందు చక్రాలు దాటేవి, నడుము మాత్రం ఒడ్డు మీద కూలబడేది. నాలుగు చక్రాలూ గాల్లో ఆడుతుంటే మా ఆయన గడ్డపారతో ఒడ్డు తవ్వేవాడు, పొలం రైతు వచ్చి తిట్టేవాడు. ఒకసారి రాయి తగిలి పొగగొట్టం ఊడిపడింది. ఇంకోసారి రోడ్డు దగ్గరే బండి ఆపేస్తే, నాయిన అంత దూరం నడవలేక మంద దగ్గరే మంచులో పడుకున్నాడు. ఆ రాత్రి ఆయన ఛాతీలోంచి వచ్చిన చప్పుడు విన్నాక, బండిని పైకి లేపించాల్సిందేనని నేనే పట్టుబట్టాను.

భువనగిరిలో కోట గుట్ట కనబడే రోడ్డు మీద కమాన్లు కట్టే దుకాణం ఒకటుంది. బండి బరువును మోసేందుకు వెనక చక్రాల మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల కట్టను కమాను అంటాం. అక్కడి మిస్త్రీ పెద్దాయన, తెల్ల గడ్డం, అందరికీ చాచా. ట్రాక్టరు ట్రాలీలకు, బొలేరో బండ్లకు పట్టీలు వేసి వేసి ఆయన చేతులు ఇనుము రంగుకు తిరిగాయి. వ్యాను తలుపు తీసి లోపలి పరుపూ పొయ్యీ చూసి నా వైపు తిరిగాడు.

"గిండ్ల ఎవరు పండుకుంటరు?"

"మా నాయిన. దమ్మున్నది చాచా."

ఆయన కింద పడుకుని బండి అడుగు చూసొచ్చాడు. "ఎనక ఒక పట్టీ ఎక్కిస్త, పొడుగు కొక్కాలు వెడ్త. ముంగట స్ప్రింగుల మీద దిమ్మలు. నాలుగు వేళ్ళు లేస్తది. గంతే."

మా ఆయన ఇంకొంచెం లేపమన్నాడు. చాచా తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కువ లేపితె వంపుల్ల పక్కకు ఒరుగుతది. ఇంకో ముచ్చట, ఇది ఎనక రెండు చక్రాలే గుంజే బండి. నాలుగు వేళ్ళు లేపినా, మూరెడు లేపినా గుంజుడు పెరగది. రాయి తగలది, ఒడ్డు దాటుతది. బురదల దిగితె మాత్రం గక్కడనే. సమజైందా బిడ్డా?"

సమజైందన్నాను. పట్టీలు బిగిస్తున్నంత సేపూ మా నాయిన దుకాణం ముందు గొంతు కూర్చుని బండి కిందికే చూస్తున్నాడు. పని అయిపోయాక ఆయన లేచి, తన జానతో నేల నుంచి బండి అడుగు దాకా కొలిచాడు. ముఖంలో సంతోషం కనబడింది. బండి నచ్చిందనుకుని నేనూ సంతోషపడ్డాను.

మేం బయల్దేరేముందు చాచా చేతి బ్రేకు తీగను కొత్త ఎత్తుకు బిగించి, ఒక మాట చెప్పాడు. కొత్త పట్టీలు కొన్నాళ్ళు తిరిగాక కూర్చుంటాయి, అప్పుడు ఆ తీగ వదులవుతుంది, మళ్ళీ ఒకసారి తెచ్చి చూపించమని. తెస్తామనే చెప్పాం. కానీ ఆ వారమే మంద కదిలింది. గడ్డి లేని చోట గొర్రెల్ని ఆపి, బండి కోసం భువనగిరికి తిరిగే కాపరి ఎవరూ ఉండరు.

లేపిన బండిని మొదటిసారి నడిపినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. కూర్చున్న సీటే కొత్తగా అనిపించింది. రోడ్డు కిందికి పోయింది. వంపు తిరిగితే బండి మొత్తం ఒక పక్కకు వాలి, ఆలోచించుకుని, మెల్లగా తిరిగి లేచేది. దేవరకొండ దాటాక ఒక మలుపులో నీళ్ళ డ్రమ్ము ఒరిగిపోయి నీళ్ళన్నీ నా వీపు మీదికొచ్చాయి. నేను మా ఆయన మీద అరిచాను, పాపం ఆయన అప్పుడు బండిలో లేడు, ఫోనులో ఉన్నాడు. ప్రతి మలుపుకూ నా కుడికాలు బ్రేకు మీదే ఉండేది. వెనకొచ్చే బండ్లవాళ్ళు హారన్లు కొట్టీ కొట్టీ తిట్టుకుంటూ దాటిపోయేవాళ్ళు. ఒరిగి పడిపోతే లోపల పొయ్యి ఉంది, గ్యాసుంది, పడుకున్న మనిషుంటే ఏంగతి అని ఒకటే ఆలోచన. రాత్రి నిద్రలో కూడా బండి వాలుతున్నట్టే ఉండేది.

కానీ ఒడ్లు దాటింది. ఆ మాట ఒప్పుకోవాలి. పోయినేడు బండి నడుము కూలబడ్డ చోటల్లా ఈసారి తగలకుండా పోయింది. నాయిన మంద పక్కనే, పొలం మధ్యలోనే బండి ఆపగలిగాను.

ఇంతా చేస్తే ఆయన అందులో పడుకోడు.

"గీ డబ్బల గాలాడది," అంటాడు. తలుపు తీసి పెట్టు నాయినా అంటే దోమలంటాడు. డిండి దగ్గర మకాం వేసిన రోజు మధ్యాహ్నం అన్నానికి పిలుద్దామని వెతికితే కనబడడు. మంద వెంట వచ్చే మా కుక్క బండి పక్కన కూర్చుని తోక ఆడిస్తోంది. వంగి చూద్దును గదా, బండి కింద, చక్రాల మధ్య, గొంగడి పరుచుకుని హాయిగా పడుకుని ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి పట్టి బయటికి గుంజినంత పని చేశాను.

"గిదేం పని? బండి కింద పండుకుంటరా ఎవరన్న?"

"ఎందుకు పండుకోరు? మేము పండుకోలేదా? మా నాయిన పండుకోలేదా?" అన్నాడు. "మంచి నీడ. గాలి గిట్ల వచ్చి గట్ల పోతది. ఊపిరి నిమ్మళంగ ఆడుతది బిడ్డా."

అప్పుడు అర్థమైంది చాచా దుకాణం దగ్గర ఆయన దేన్ని కొలిచాడో. ఆయన వయసులో ఉన్నప్పుడు మంద వెంట సామానంతా ఎద్దుల బండి మీదే పోయేది. ఎండకైనా వానకైనా కాపరులు పడుకునేది ఆ బండి కిందే. ఎద్దులను విప్పి కాడి నేలకు ఆనించాక ఆ బండి ఎక్కడికీ పోదు. ఎన్నేళ్ళు పడుకున్నా కదలదు. ఆయన ఒళ్ళంతా ఆ నమ్మకమే. మా వ్యాను మొదట్లో కిందికి ఉండి ఆయనకు చాలలేదు. నాలుగు వేళ్ళు లేపేసరికి అది ఆయన కంటికి మళ్ళీ బండి అయిపోయింది.

"గది ఎడ్లబండి గాదు నాయినా. ఇంజను బండి. ఎప్పుడు కదుల్తదో తెల్వది. ఒట్టు వెయ్యి, మల్ల పండుకోనని."

ఒట్టు వెయ్యలేదు. "సరే తీ," అన్నాడు. ఆయన సరే అన్నాడంటే విన్నాడని, అంతే. ఆ తర్వాత నేను వంగి చూడకుండా బండి తీసేదాన్ని కాదు. నా భయం నాకు మంచిదే చేసింది, ఒక్క రోజు తప్ప.

అమ్రాబాద్ వైపు ఎక్కాక ఒక చెల్కలో ఆగాం. ఎర్రనేల, సన్న గులక. చూడటానికి చదునుగానే ఉంది గానీ కిందికి వాగు దాకా తెలియకుండా వాలుతుంది. వాగు వైపు ముఖం పెట్టి బండి ఆపాను. గేరులో వేశాను, చేతి బ్రేకు లాగాను. మా ఆయన మందను తోలుకుని గుట్ట అవతలి వైపుకు పోయాడు. నాయినా నేనూ జొన్న గట్క తిన్నాం. ఆయన ఇప్పచెట్టు కింద గొంగడి పరుచుకుని పడుకోవడం నా కళ్ళతో చూశాను. నేను బండిలో బల్ల మీద ఒరిగాను. ఎండకు కళ్ళు మూతలు పడ్డాయి.

గాలి చప్పుడుకు మెలకువ వచ్చింది. కిటికీ తెరలు ఎగిరెగిరి ముఖానికి కొడుతున్నాయి. నల్లమల వైపు ఆకాశం నల్లబడి ఉంది. చాచా మాట గుర్తొచ్చింది. వాన పడి ఈ ఎర్రనేల నానిందంటే రెండు చక్రాలే గుంజే బండి ఇక్కడి నుంచి కదలదు. మళ్ళీ ఎండ కాసే దాకా ఇక్కడే, ఈ అడవి అంచున, తడి నేల మీద, నాయిన ఛాతీతో. కిటికీలోంచి ఇప్పచెట్టు వైపు చూశాను. చెట్టు కింద ఎవరూ లేరు. గాలివాన వస్తుంటే ఆయన కూర్చునే మనిషి కాదు, గొర్రెల దగ్గరికి పోయి ఉంటాడనుకున్నాను. వాన మొదలయ్యేలోపల బండిని వెనక్కి, మట్టి రోడ్డు మీదికి ఎక్కించాలి. ఆ తొందరలో కిందికి దిగలేదు. సీట్ల మధ్య నుంచి అలాగే ముందుకు దూరి, స్టీరింగు ముందు కూర్చున్నాను.

చేతి బ్రేకు దించాను. క్లచ్చు తొక్కి తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. చేతి బ్రేకు దించాను. రివర్సు వేద్దామని గేరు మీద చెయ్యి పెట్టేలోపల బండి తనంత తానే ముందుకు జారింది.

వెనక ఎడమ వైపు ఏదో తగిలింది. రాయి తగిలితే తెలుస్తుంది, కటుక్కుమంటుంది. ఇది మెత్తగా ఉంది. నా కాలు బ్రేకు మీద ఎలా పడిందో నాకు తెలియదు. బండి ఆగింది. ఎడమ అద్దంలోకి చూశాను.

నాయిన చెప్పులు కనబడ్డాయి. ఇంట్లోకి పోయేముందు గడప బయట విడిచినట్టు, రెండూ పక్కపక్కన, బండి పక్కన విడిచి ఉన్నాయి.

"నాయినా," అన్నాను. మళ్ళీ పిలిచాను. ఈసారి గట్టిగానే పిలిచాను. కింద నుంచి జవాబు లేదు. చేతి బ్రేకు అందుకుని లాగాను. అది ఏమీ పట్టుకోకుండా మొత్తం పైకి వచ్చేసింది, పాత చేంతాడు లాగినట్టు. కొత్త పట్టీలు కూర్చున్నాయి, తీగ వదులైపోయింది. ఇప్పుడు బండిని ఆపి ఉంచింది నా కుడికాలు ఒక్కటే.

గేరులో వేసి ఇంజను ఆపేస్తే బండి నిలబడుతుంది. అది నాకు తెలుసు. కానీ కాలు తియ్యగానే, గేరు పట్టుకునే లోపల, అది ఒక జానెడు ముందుకు జారుతుందని కూడా తెలుసు. ఆ జానెడులో మా నాయిన ఉన్నాడు. చక్రం ఆయనకు ఆనుకుని ఉందో, ఆయన మీదే ఉందో నాకు కనబడదు. వెనక్కి తీద్దామంటే ఎత్తు మీదికి తియ్యాలి. బ్రేకు వదిలి క్లచ్చు పట్టేలోపల మళ్ళీ అదే జానెడు. పైగా కింద గులక. గుంజేవి ఆ వెనక చక్రాలే, గులక మీద అవి తిరిగితే, తిరిగే చక్రం పక్కనే ఆయన.

ఇంజను ఇంకా నడుస్తోంది. పొగ కిందికే పోతోందన్న సంగతి అప్పుడు తట్టింది. దమ్మున్న మనిషి ముఖానికి నేను పొగ పెడుతున్నాను. తాళం తిప్పి ఆపేశాను. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. గాలి, దూరంగా ఉరుము, వేడి ఇంజను టిక్కుటిక్కుమనడం. నాకు అవన్నీ వినబడ్డాయి గానీ నాయిన ఊపిరి వినబడలేదు. రోజూ పక్క గదిలోంచి కూడా వినబడే ఊపిరి అది.

"నాయినా, పలుకు. ఏమన్నైందా? నాయినా."

లేదు. గాలి వచ్చి కొట్టినప్పుడల్లా బండి పక్కకు ఊగుతోంది. నాలుగు వేళ్ళు లేపిన బండి, గాలికి అడ్డంగా ఉంది. ఊగినప్పుడల్లా వెనక కమాన్లు కిర్రుమంటున్నాయి, నేను కాలు ఇంకా గట్టిగా అదుముతున్నాను. పిక్క రాయిలా అయిపోయింది. మోకాలు తనంత తాను వణకడం మొదలుపెట్టింది. ఆపుదామని రెండు చేతులతో మోకాలిని పట్టుకుని కిందికి నొక్కాను. అద్దంలో ఆ చెప్పుల్నే చూస్తున్నాను. ఒక చెప్పు గాలికి దొర్లి బోర్లా పడింది.

ఫోనులో సిగ్నలు లేదు. హారను కొడదామంటే, ఆయన నిద్రలోనే ఉంటే ఉలిక్కిపడి తల ఎత్తుతాడేమో, తలకు ఇనుము తగులుతుందేమో. కొట్టకపోతే ఎవరొస్తారు? ఎన్నిసార్లు పిలిచానో నాకు తెలియదు. మొదట నాయినా అని పిలిచాను, తర్వాత తిట్టాను. "సరే తీ అంటివి గద, గిదేనా నీ సరే? ఒక్కమాట ఇనవు. ఎన్నడన్న ఇన్నవా?" అని అరిచాను. తిడితే ఆయన ఎప్పుడూ ఒక్క మాటైనా అనేవాడు. ఈసారి అదీ లేదు. అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. ఆయన లేడు. చక్రం ఛాతీ మీద ఉంది. నేనే తొక్కేశాను. ఇంక కాలు అక్కడ పెట్టి కూర్చుని ఎవరిని కాపాడుతున్నాను?

గేరు వేశాను. ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చెయ్యి తలుపు గడియ మీద. గడియ తీశాను. గాలికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒక్క దూకు దూకి, వెనక చక్రం దగ్గరికి పోయి, ఆయనను చూడాలి. ఏమైనా కానీ చూడాలి. అంతకుమించి బుర్రలో ఏమీ లేదు. కాలు లేపుతున్నాను. పాదం సగం లేచింది. బండి ఇంకా కదల్లేదు, కమాను మాత్రం కిర్రుమంది.

కింద నుంచి దగ్గు వినబడింది.

చిన్న దగ్గు. గుడ్డలో ముఖం దాచుకుని దగ్గినట్టుంది. వెంటనే ఆగిపోయింది. కానీ ఆ దగ్గు నాకు తెలియనిదా? నా కాలు మళ్ళీ బ్రేకు మీద పడింది, నడుము సీటుకు ఆనించి రెండు కాళ్ళతో తొక్కాను. బతికే ఉన్నాడు. బతికి ఉన్నాడంటే చక్రం ఇంకా ఆయన మీదికి పోలేదు. పోలేదంటే ఇక పోకూడదు. అప్పటిదాకా పడ్డ భయం ఒక ఎత్తు, అప్పుడు పట్టుకున్న భయం ఒక ఎత్తు. పోయిన మనిషి కోసం వణకడం వేరు. ఉన్న మనిషి నా పాదం కింద ఉన్నాడు.

హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. గాలి గుట్ట వైపే వీస్తోంది. ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు, అందరికీ మొక్కాను. మా ఆయన గుట్ట దిగుతూ కనబడ్డాడు. వానకు ముందు గొర్రెలు బెదిరాయేమో, నన్ను చూసి విసుగ్గా చెయ్యి ఊపాడు, ఎందుకా మోత అన్నట్టు. నేను తలుపు సందులోంచి అరిచాను.

"నాయిన కిందున్నడు. బండి కిందున్నడు."

మా ఆయన పరుగెత్తడం నేను పెళ్ళయినప్పటి నుంచీ చూడలేదు. వచ్చి వంగి చూశాడు. లేచినప్పుడు ఆయన ముఖంలో రక్తం లేదు.

"కాలు దియ్యకు," అన్నాడు మెల్లగా. "అస్సలు దియ్యకు."

చక్రం గొంగడి అంచు మీదికెక్కి నాయిన భుజానికి ఆనుకుని ఆగింది. గొంగడి ఒంటికి చుట్టుకుని ఉండడంతో ఆయన జరగలేకపోయాడు. మా ఆయన వాగు ఒడ్డుకు ఉరికి రాళ్ళు మోసుకొచ్చాడు. ముందు చక్రాల కింద పెట్టాడు, వెనక చక్రాల కింద పెట్టాడు, కాలితో తన్ని లోపలికి దిగ్గొట్టాడు. అప్పుడు కింద దూరి గొంగడి మడతలు విప్పి, నాయినను రెండు చంకల కింద పట్టుకుని అవతలి వైపుకు గుంజాడు. గొంగడి అక్కడే ఉండిపోయింది. నాకు నాయిన తల కనబడింది. తర్వాత చేతులు. తర్వాత మట్టి కొట్టుకున్న కాళ్ళు. రెండూ కదులుతున్నాయి.

"ఇగ దీయ్," అన్నాడు మా ఆయన.

తియ్యలేకపోయాను. నా కాలు నా మాట వినలేదు. రాళ్ళు పెట్టాడని తెలుసు, నాయిన బయట ఉన్నాడని కళ్ళతో చూస్తున్నాను, అయినా పాదం బ్రేకును వదల్లేదు. చివరికి ఆయనే వచ్చి నా మడమ పట్టుకుని, చిన్నపిల్ల కాలు లాగినట్టు పక్కకు తీశాడు. బండి ఒక వేలెడు కదిలి రాళ్ళకు ఆనుకుంది. ఆ వేలెడుకే నేను కేక పెట్టాను.

దిగి నేల మీద కూర్చున్నాను. నాయిన పక్కనే కూర్చుని, పీల్చే మందు నోట్లో పెట్టుకుని పీలుస్తున్నాడు. భుజం గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. మా ఆయన నీళ్ళు తేవడానికి పోయాడు. నాలుగు చినుకులు పడ్డాయి. నాయిన ఊపిరి కాస్త కుదుటపడిందో లేదో నేను మొదలుపెట్టాను.

"పలకవేంది? గొంతు పలిగేటట్టు పిలుస్తి గద. ఇనవడలేదా?"

"ఇనవడ్డది."

"ఇనవడ్డదా? ఇనవడి పలకలేదా?"

ఆయన ఊపిరి తీసుకుని, ఆగి, మళ్ళీ తీసుకుని చెప్పాడు. "పలికితె నువ్వు ఆగుతవా? దుంకి ఉరికొస్తవు. నీ సంగతి నాకెర్క లేదా బిడ్డా? బండి నీ కాలు మీదనే ఆగిందని నాకు ఎర్కయింది. నేను సప్పుడు జెయ్యకుంటె నువ్వు గట్లనే కూసుంటవనుకున్న."

నేను నా కుడికాలి వైపు చూసుకున్నాను.

"గా ఒక్క దగ్గే," అన్నాడు. తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూస్తున్నాడు. "గొంగడి నోట్ల కుక్కుకున్న. ఊపిరి బిగవట్టిన. అయినా ఆగలే. గది ఇని నువ్వు బెదిరి కాలు దీస్తవేమోనని నాకు మస్తు భయమైంది."

ఇంకొక్క క్షణం ఆయన ఆ దగ్గును ఆపుకోగలిగి ఉంటే ఏమయ్యేదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు. ఏం చెప్పను?

"నేను తియ్యలే గద నాయినా," అన్నాను.

ఆయన తల ఊపాడు. వంగి, ఇంకా వణుకుతున్న నా కుడికాలి మీద చెయ్యి వేశాడు.

"మంచిగ పట్టుకున్నవు బిడ్డా," అన్నాడు.

అవునన్నాను.